వారానికి మూడు పాయింట్లు

వారానికోసారి గాలి కొట్టిస్తే మిగతా ఆరు రోజులూ బుద్ధిగా నడిచే టైరు ప్రతి అపార్ట్‌మెంటు సెల్లారులోనూ ఒకటి ఉంటుంది. ఎడమ వెనక చక్రమే అనుకుందాం. ఈ ఆదివారం పెట్రోలు బంకులో 33 పాయింట్లు పెట్టిస్తే వచ్చే ఆదివారానికి 30కి వస్తుంది. పంచరైతే పొద్దుటికల్లా నేలకు కరుచుకోవాలి కదా, కరుచుకోలేదు కాబట్టి పంచరు కాదని కారాయన తీర్పు చెప్పేసుకుంటాడు. గాలి ఊరికే వస్తోంది, బంకు దారిలోనే ఉంది. నెలలు దొర్లిపోతాయి.

హైదరాబాదు శివారు కండ్లకోయలో ఉండేవాళ్లకు ఈ నిదానం పనికిరాదు. నాగపూర్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఇక్కడే కలుస్తాయి. ఔటర్‌లో ఆఖరికి మిగిలిపోయిన 1.1 కిలోమీటర్ల ముక్క కూడా ఈ కూడలి దగ్గరిదే. 2018లో అది తెరుచుకున్నాకే రింగు నిజంగా రింగు అయింది. ఇల్లు దాటిన పది నిమిషాల్లో కారు వంద వేగం అందుకుంటుంది, ఔటర్ మీద 120 దాకా పోవచ్చు. అదే టైరు సాయంత్రం సర్వీసు రోడ్డు గుంతలో పడుతుంది, కట్టుబడి జరుగుతున్న ఇళ్ల ముందు ఇసుకలో కలిసిపోయిన మేకుల్ని తొక్కుతుంది, లారీల్లోంచి రాలిన స్క్రూలను, తీగ ముక్కలను ఏరుకుంటుంది. పడుకున్న మేకును ముందు చక్రం లేపి నిలబెడుతుంది, వెనక చక్రం పోయి గుచ్చుకుంటుంది అని పంచర్ షాపుల్లో చెప్పే మాట. పంచర్లు వెనక టైర్లకే ఎక్కువెందుకు పడతాయో దీంతో చాలామటుకు అర్థమవుతుంది.

మేకు సంగతి తర్వాత. ఏ లోపమూ లేని టైరు కూడా గాలి పోగొట్టుకుంటుందని ముందు ఒప్పుకోవాలి. రబ్బరు గోడ మన చేతికి గట్టిదే. గాలి అణువులు మాత్రం అందులోకి కరిగి, రబ్బరు గొలుసుల మధ్య సందులు పట్టుకుని మెల్లగా జరుగుతూ అవతలి వైపు తేలతాయి. సహజ రబ్బరైతే ఈ విషయంలో మరీ ఉదారం. 1937లో అమెరికాలోని స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలో విలియం స్పార్క్స్, రాబర్ట్ థామస్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు బ్యూటైల్ రబ్బరును తయారుచేశారు. సహజ రబ్బరులోంచి పోయే గాలిలో దాదాపు పదో వంతే దీనిలోంచి పోతుంది. ట్యూబులన్నీ క్రమంగా దానికి మారాయి. 1947లో గుడ్‌రిచ్ కంపెనీ, తన ఇంజనీరు ఫ్రాంక్ హెర్జెగ్ రూపొందించిన ట్యూబులెస్ టైరును ప్రకటించింది. ట్యూబు పోయింది గాని బ్యూటైల్ పోలేదు. టైరు లోపలి గోడకే పలచటి పొరగా అతుక్కుంది. మిగతా రబ్బరుతో కలిసి పట్టుకోవడానికి ఆ పొరలోని బ్యూటైల్‌కు కాస్త క్లోరిన్‌నో బ్రోమిన్‌నో చేరుస్తారు. కండ్లకోయ నుంచి ఔటర్ ఎక్కి పటాన్‌చెరు దగ్గర దిగి ఇంకొంత దూరం పోతే సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ వారి టైర్ల ఫ్యాక్టరీ ఉంది. నేలను తాకే ట్రెడ్డు, ఉక్కు తీగలు, నైలాన్, పాలియెస్టర్ దారాలు ఇన్ని కలిపి కట్టే టైరులో గాలిని ఆపే పని మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్ల ఈ లోపలి పొరదే.

ఆ పొర ఎంత మంచిదైనా నెలకు ఒక పాయింటు దాకా పోవడాన్ని జబ్బు అనరు. పాయింటు అంటే మన మెకానిక్కుల భాషలో ఒక పీఎస్ఐ. అమెరికాలో వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ 31 రకాల టైర్లను 30 పాయింట్లకు నింపి, ఏడాది పాటు ఆరుబయట కదపకుండా ఉంచి కొలిచింది. 2007లో వెల్లడైన ఆ ఫలితం ప్రకారం మామూలు గాలి నింపినవి సగటున 3.5 పాయింట్లు, నైట్రోజన్ నింపినవి 2.2 పాయింట్లు పోగొట్టుకున్నాయి. కదలకుండా ఉన్నవాటికే ఏడాదికి మూడున్నర. ఎండలో తిరిగి, గుంతల్లో పడి లేచే టైరుకు ఇంకాస్త ఎక్కువ పోతుందనుకోవచ్చు. వారానికి మూడు మాత్రం ఏ లెక్కలోనూ సహజం కాదు.

నైట్రోజన్ మాట వచ్చింది కాబట్టి దాని లెక్కా తేల్చేద్దాం. ఆక్సిజన్ అణువు నైట్రోజన్ కన్నా రబ్బరులోంచి మూడు నాలుగు రెట్లు వేగంగా జారుకుంటుంది, కాబట్టి నైట్రోజన్ నిదానంగా దిగుతుందన్న మాట నిజమే. కానీ మనం కొట్టించే మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. కండ్లకోయ అడవిలో జనం ఆక్సిజన్ పార్కుకు వెళ్లి నడుస్తారు. ఆ పక్క రోడ్డు మీది కార్ల టైర్లు రోజూ తమ వంతు ఆక్సిజన్‌ను వదులుతూనే ఉంటాయి, నైట్రోజన్ లోపల మిగులుతుంది. పైగా మేకు చేసిన కంతకు అణువుల తేడా తెలియదు. కారుతున్న టైరులో డబ్బులిచ్చి నైట్రోజన్ నింపించడం నాకైతే వృథా ఖర్చే.

ఇక కొలత. సగం కేసులు ఇక్కడే తప్పుదారి పడతాయి. మే నెల మధ్యాహ్నం మూడింటికి నలభై డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారుకు 33 పెట్టించారనుకోండి. ఎప్పుడైనా వాన పడి తెల్లవారుజామున టైరు 25 డిగ్రీలకు చల్లబడితే గేజిలో 31 కంటే తక్కువే కనబడుతుంది. బొట్టు గాలి కారలేదు, చల్లబడింది అంతే. వాయువు పీడనం దాని ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. మన 33కి బయటి వాతావరణ పీడనం కలిపి లెక్కేస్తే, పది డిగ్రీల తేడాకు సుమారు పాయింటున్నర. డిసెంబరు చలిలో మేడ్చల్ వైపు పొద్దున్నే ‘నాలుగు టైర్లలోనూ గాలి దిగింది’ అని కంగారుపడేవాళ్ల సమస్య ఇదే. నాలుగూ ఒకేలా దిగితే అది వాతావరణం. ఒక్కటే దిగితే అది లీకు.

దీని తిరగేసిన రూపం ఇంకా ప్రమాదం. శంషాబాద్ నుంచి ఔటర్ మీద తోలుకొచ్చి కండ్లకోయలో దిగగానే బంకులో గాలి చూపిస్తారు. అంత దూరం ఆ వేగంతో వచ్చిన టైరులో గాలి 20, 25 డిగ్రీలు వేడెక్కి ఉంటుంది. అంటే మూడు నాలుగు పాయింట్లు అదనం. లోపల నిజంగా 29 ఉన్న టైరు గేజి మీద 33 చూపించి నిర్దోషిగా బయటపడుతుంది. బంకు కుర్రాడు ‘కరెక్టే ఉంది సార్’ అంటాడు. అతని తప్పేం లేదు, గేజి తప్పూ లేదు, అడిగిన వేళ తప్పు. డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద కంపెనీ అంటించిన స్టిక్కరులోని అంకె చల్లటి టైరుది. కనీసం మూడు గంటలు నిలిచి ఉన్న బండికే అది వర్తిస్తుంది.

కాబట్టి పంచర్ షాపుకు పోయే ముందు ఒక చిన్న గేజి కొనుక్కుని, పొద్దున్నే బండి తీయకముందు నాలుగు టైర్లూ చూసి, స్టెప్నీ కూడా చూసి, తేదీతో రాసిపెట్టుకోవడం మేలు. రోజు విడిచి రోజు రాసినా చాలు. ఒక వారం కాగితం చేతిలో ఉంటే జబ్బు పేరు సగం తెలిసిపోతుంది. రోజుకు రెండు మూడు పాయింట్లు పోతున్నాయంటే మేకో స్క్రూవో అయ్యే అవకాశం ఎక్కువ. వారానికి రెండు మూడు అయితే రిమ్మునూ వాల్వ్‌నూ కూడా అనుమానించాలి. బండి నిలబెట్టిన రోజుల్లో దిగక, తిరిగిన రోజుల్లోనే దిగుతుంటే టైరు వంగినప్పుడు మాత్రమే తెరుచుకునే కంత. అంగడిలో ఎంత సబ్బు రాసినా కనబడని లీకులు ఎక్కువగా ఈ రకమే.

ఇంతకీ వారానికి మూడు పాయింట్లంటే ఎంత గాలి? 185/65 ఆర్15 సైజు మధ్యరకం కారు టైరులో సుమారు 30 లీటర్ల చోటుంటుంది. అందులో మూడు పాయింట్లు తగ్గాయంటే బయటి గాలి లెక్కలో ఆరున్నర లీటర్లు పోయినట్టు. వారానికి పదివేల ఎనభై నిమిషాలు. పంచి చూస్తే నిమిషానికి ముప్పావు మిల్లీలీటరు కూడా లేదు. అది ఒకే కంతలోంచి వస్తే నీళ్లలో మూడు మిల్లీమీటర్ల బుడగలు నిమిషానికి నలభై, నలభై అయిదు. అంటే సెకనుకు ఒకటి కూడా రావు. ఆ దారి వెడల్పు తలవెంట్రుక మందంలో మూడో వంతుకు మించనక్కర్లేదు. తొట్టిలో చక్రాన్ని ముంచి, ఒక తిప్పు తిప్పి, ‘ఏం లేదన్నా, గాలి కొడ్తున్నా, పో’ అనేసే షాపుకు ఇది ఎందుకు చిక్కదో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. నీళ్లలో ముంచగానే ట్రెడ్డు గాళ్లలో ఇరుక్కున్న బయటి గాలి ముందు గలగలా లేస్తుంది. అది పోయేదాకా ఆగి, చేత్తో తుడిచి, ఒకే చోటు నుంచి మళ్లీ మళ్లీ ఒకే వేగంతో బుడగ లేస్తుందా అని నిమిషం పాటు కన్నార్పకుండా చూడాలి. రద్దీ వేళ అంత ఓపిక ఎవరికుంటుంది?

కండ్లకోయ నుంచి మేడ్చల్ వైపు రోడ్డు పక్కన పాత టైరు మీద తెల్లరంగుతో ‘పంచర్’ అని రాసి నిలబెట్టిన రేకుల షెడ్లు కనిపిస్తాయి. పొద్దున పదకొండు, పన్నెండు మధ్య రద్దీ తగ్గినప్పుడు పోతే మంచి పని జరుగుతుంది. తెలిసిన పనివాడు ముందు గాలి తగ్గించడు, పెంచుతాడు. 33 ఉన్న టైరులో 40 పెడతాడు. ఒత్తిడి పెరిగితే కారే వేగం పెరుగుతుంది, బుడగ త్వరగా బయటపడుతుంది. టైరు గోడ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి లోపలే ఉంటుంది కాబట్టి ఇందులో భయం లేదు. తర్వాత గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు. మామూలు నీటి తలతన్యత ఎక్కువ, బుడగ పుట్టీ పుట్టగానే చితికిపోతుంది. సబ్బు ఆ తలతన్యతను తగ్గించి పొరను నిలబెడుతుంది. అందుకే తొట్టిలో జారిపోయిన లీకు సబ్బుకు దొరుకుతుంది. రెండు నిమిషాలకు గాని ఒక్కో తెల్లటి గుత్తి కట్టని లీకులుంటాయి. సబ్బు రాసి, పక్కకు పోయి టీ తాగి వచ్చి చూడటం ఈ పనిలో మంచి పద్ధతే.

వెతుకులాట వాల్వ్ దగ్గర మొదలుపెట్టాలి, ఖర్చు లేనిది కాబట్టి. మూత తీసి వాల్వ్ నోట్లో సబ్బునీటి చుక్క వేస్తే (ఉమ్మి చుక్కతో చూసేవాళ్లూ ఉన్నారు, భౌతికశాస్త్రం ఒప్పుకుంటుంది) పొర ఉబ్బుతుందేమో కనబడుతుంది. ఉబ్బిందంటే లోపలి పిన్ను వదులైనా అయ్యుండాలి, దాని రబ్బరు వలయం మీద ఇసుక రేణువైనా కూర్చుని ఉండాలి. ఈ స్ప్రింగు పిన్ను ఏర్పాటు ష్రేడర్ కంపెనీ 1893లో పేటెంటు పొందినది, అప్పటి నుంచి మౌలికంగా మారలేదు. కొత్త పిన్ను రూపాయల్లో ముగిసే వ్యవహారం. వాల్వ్ కాండాన్ని వేలితో పక్కకు వంచి మొదట్లో కూడా సబ్బు రాయాలి. ఎండకూ ఓజోనుకూ ఆ నల్ల రబ్బరు పగుళ్లు తీస్తుంది, నిటారుగా ఉన్నప్పుడు మూసుకుని వంచితే నోరు తెరుస్తుంది. కొత్త టైరు వేయించినప్పుడల్లా వాల్వ్ కూడా మార్చమనేది ఇందుకే. వేల రూపాయల టైరు వేయించుకుని పాత వాల్వ్ ఉంచేయమనే పిసినారితనం మనలో చాలామందిది. ప్లాస్టిక్ మూతను కూడా తీసిపారేయకూడదు. గాలిని ఆపేది ప్రధానంగా పిన్నే గాని, పిన్ను మీద దుమ్ము పడకుండా ఆపేది మూత.

వాల్వ్ బాగుంది, ట్రెడ్డులో మేకు లేదు. ఇక్కడ చాలా షాపులు చేతులెత్తేస్తాయి. నాకు తెలిసినంతలో వారానికి రెండు మూడు పాయింట్ల కేసుల్లో ఎక్కువగా తప్పించుకుపోయేది రిమ్మే, దాన్నెవరూ అనుమానించరు కాబట్టి. ట్యూబులెస్ టైరును రిమ్ముకు ఏ జిగురూ అంటించి ఉంచదు. టైరు అంచులో ఉక్కు తీగల వలయం ఉంటుంది, దాన్నే బీడ్ అంటారు. లోపలి గాలే ఆ అంచును రిమ్ము మీదికి నెట్టి ఒత్తిపట్టి ఉంచుతుంది. కాబట్టి రబ్బరూ లోహమూ తాకే ఆ వేలెడు వెడల్పు పట్టీ నున్నగా ఉన్నంత కాలమే పట్టు. ఇనుప రిమ్ము అయితే అక్కడ తుప్పు పడుతుంది. అల్లాయ్ తుప్పు పట్టదని అనుకుంటాం గాని, అల్యూమినియం తెల్లటి పొడిగా ఆక్సైడ్ కట్టి రంగు పొర కింద బుసబుసా పొంగుతుంది, రంగు పొక్కులు లేస్తాయి. ఆ గరుకు మీద రబ్బరు అంచు వెంట్రుకవాసి ఎత్తులో నిలుస్తుంది. ఒక్క కంత ఉండదు, జానెడు పొడవున ఊట ఉంటుంది. తొట్టిలో ముంచితే పెద్ద బుడగ రాదు, రిమ్ము అంచు వెంట సన్నటి నురగ పట్టీలా కనబడుతుంది. తొందరలో చూస్తే నీటి మెరుపనుకుంటారు.

దీన్ని పట్టే సుళువైన పద్ధతి ఒకటుంది. చక్రాన్ని బండి నుంచి విప్పి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, టైరుకూ రిమ్ముకూ మధ్య గాడిలో సబ్బునీళ్లు పోసి వదిలేయాలి. పది నిమిషాల తర్వాత నురగ ఎక్కడ లేచిందో అక్కడ చాకుపీసుతో గీత. తర్వాత తిరగేసి లోపలి వైపు. లోపలి వైపు మర్చిపోతే పని జరగనట్టే. గుంతలో పడ్డప్పుడు వంగేది ఎక్కువగా రిమ్ము లోపలి పెదవి, బయట నిలబడి చూసేవారికి అది ఏనాడూ కనబడదు. బ్యాలెన్సింగ్ మిషను మీద తిప్పితే మాత్రం ఊగిసలాట పట్టిస్తుంది.

మందు సులభం, కాస్త చెమట కావాలి. టైరు విప్పి, రిమ్ము పట్టీని ఎమరీ కాగితంతోనో తీగ బ్రష్షుతోనో లోహం నున్నబడేదాకా గీకి, తుడిచి, బీడ్ సీలర్ అనే నల్లటి ద్రవాన్ని పలచగా పూసి, టైరును మళ్లీ ఎక్కించాలి. గీకకుండా సీలర్ మాత్రం దట్టంగా పులిమితే మూడు నెలలకు మళ్లీ మొదటికొస్తుంది. రిమ్ము వంగితే సాపు చేయించొచ్చు. పగిలితే? అల్లాయ్ పగుళ్లకు వెల్డింగు పెట్టే చోట్లున్నాయి. అది ఊళ్లో తిరగడానికైనా నాకు ఇష్టం లేదు, ఔటర్ మీదికైతే అసలొద్దు. పగులు చుట్టూ ఉన్న లోహం వెల్డింగు వేడికి తన బలం కొంత పోగొట్టుకుంటుంది, పగులు ఇంకోచోట మళ్లీ మొదలవుతుంది. అరుదుగా పోతపోసిన అల్లాయ్‌లోనే సూక్ష్మమైన రంధ్రాలుండి లోహంలోంచే గాలి ఊరుతుంది. అలాంటప్పుడు సబ్బు నురగ టైరు అంచున రాదు, రిమ్ము లోహం మీదే ఏ ఆధారమూ లేని చోట వస్తుంది. చూసినవాడు తన కళ్లను తానే నమ్మడు.

మేకు కనబడితే అందరికీ సంతోషం. దొంగ దొరికాడు. ఇంట్లో ఉన్న పట్టుకారుతో లాగేయాలనిపిస్తుంది. లాగొద్దు. ట్యూబులెస్ టైరులో గుచ్చుకున్న మేకు తన కంతను తానే చాలామటుకు పూడ్చుకుని ఉంటుంది, లోపలి మెత్తటి పొర దాన్ని పట్టుకుంటుంది. అందుకే వారానికి మూడు పాయింట్లతో సరిపెడుతోంది. పీకితే పది నిమిషాల్లో రిమ్ము మీద కూర్చుంటారు. పాత ట్యూబు టైరులో అయితే ట్యూబు చిరిగి గాలంతా రిమ్ములోని వాల్వ్ కంత పక్కనుంచి ఒక్కసారే పోయేది. మేకున్న చోట చాకుపీసుతో గుండ్రం చుట్టి, గాలి నింపి, నిదానంగా షాపుకు పోవడమే.

అక్కడ రెండు దారులుంటాయి. ఒకటి, చక్రం విప్పకుండానే సూదితో జిగురు పట్టిన దారాన్ని బయటి నుంచి దూర్చడం. అయిదు నిమిషాల పని. రెండోది, టైరు విప్పి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయడం. దానికి పుట్టగొడుగులా ఒక కాడ, ఒక గొడుగు ఉంటాయి. కంత చుట్టూ లోపలి పొరను గీకి, రబ్బరు సొల్యూషన్ పూసి, అది వేలికి అంటీ అంటనట్టు ఆరేదాకా ఆగి, కాడను లోపలి నుంచి బయటికి లాగుతారు. గొడుగు లోపలి పొరకు అతుక్కున్నాక చిన్న పళ్ల చక్రంతో రుద్దుతారు, బయటికొచ్చిన కాడను ట్రెడ్డు మట్టానికి కోస్తారు. కాడ చేసే పని నీళ్లను ఆపడం, గొడుగు చేసే పని గాలిని ఆపడం. రెండూ కావాలి. ట్రెడ్డు కింద ఉక్కు తీగల పట్టీలుంటాయి, కంతలోంచి వాన నీరు చేరితే అవి లోపలే తుప్పు పడతాయి. సొల్యూషన్ ఆరకముందే గొడుగు నొక్కేసే కుర్రాళ్లను చూస్తే మాత్రం నోరు ఊరుకోదు.

దారంతో చేసిన రిపేరు గాలిని ఆపదా? చాలాసార్లు ఆపుతుంది, ఏళ్ల తరబడి కూడా. దాని మీద నా ఫిర్యాదు వేరు. టైరు విప్పరు కాబట్టి లోపల ఏం జరిగిందో ఎవరూ చూడరు. తక్కువ గాలితో చాలా రోజులు తిరిగిన టైరును విప్పితే లోపలి పక్కగోడ చుట్టూ నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది, వేలు పెడితే కాటుకలా అంటుతుంది. గోడ మడత పడీ పడీ లోపలి పొర అరిగిందన్నమాట. ఆ టైరుకు ప్యాచ్ కాదు, సెలవివ్వాలి. కంత ట్రెడ్డు మధ్య భాగంలో ఉండి ఆరు మిల్లీమీటర్లకు మించకపోతేనే రిపేరు. ట్రెడ్డు అంచున ఉండే భుజం మీద, పక్కగోడలో ఉంటే ఏ ప్యాచ్ కూడా వద్దు. అక్కడ ఉక్కు పట్టీలు ఉండవు, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు సాగిన దారాలే బరువంతా మోస్తాయి, ప్రతి తిప్పుకూ అవి వంగి లేస్తాయి.

ఆ వంగడం ఎంతో ఔటర్ వేగంలో చూద్దాం. మనం అనుకున్న సైజు టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు రెండు మీటర్లు. గంటకు 120 అంటే సెకనుకు 33 మీటర్లు. టైరు సెకనుకు 17 చుట్లు తిరగాలి. పక్కగోడలో ప్రతి భాగమూ సెకనుకు 17 సార్లు నేల దగ్గర నలిగి పైకి రాగానే సాగుతుంది. రబ్బరు నలిగినప్పుడు తీసుకున్న శక్తినంతా సాగినప్పుడు తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మిగుల్చుకుంటుంది. గాలి తగ్గేకొద్దీ నలుగుడు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, రబ్బరు మెత్తబడి ఇంకా నలుగుతుంది. మే నెలలో రోడ్డు కూడా కింద నుంచి కాల్చుతుంటే పొరలను కలిపి ఉంచే బంధాలు ఎక్కడో వదలడం మొదలవుతుంది. శామీర్‌పేట దాకా ఒక్క ఎగ్జిట్ ప్రయాణానికి ఇది జరగకపోవచ్చు. అదే టైరుతో విజయవాడ పోదామని పెద్ద అంబర్‌పేట దాకా ఔటర్ మీద ఆపకుండా తోలిన రోజు వేరు.

డాష్‌బోర్డులో టైరు గుర్తు వెలిగే ఏర్పాటు ఉన్న కార్లు ఇప్పుడు ఎక్కువే. వాటిలో కొన్నింటికి చక్రం లోపలే పీడనం కొలిచే సెన్సరు ఉంటుంది. కొన్ని మాత్రం చక్రాల వేగం పోల్చి ఊహిస్తాయి, గాలి తగ్గిన టైరు కాస్త చిన్నదై మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి. ఫైర్‌స్టోన్ కంపెనీ టైర్లు విఫలమై జరిగిన ప్రమాదాల తర్వాత అమెరికా 2000 సంవత్సరంలో చట్టం తెచ్చి ఈ ఏర్పాటును తప్పనిసరి చేసే దారి వేసింది. అక్కడి నిబంధన ప్రకారం గాలి 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. 33లో పావు వంతు పోతే 25 కిందికి వస్తాం. వారానికి మూడు పాయింట్ల టైరు ఆ దీపాన్ని వెలిగించకుండా రెండు వారాలకు పైగా తిరగ్గలదు. దీపం వెలగలేదని ధీమా పడటానికి అందులో ఏమీ లేదు.

రిపేరు అయ్యాక చాలామంది మొదట చేసిన కాగితం పారేస్తారు. అప్పుడే దాని అవసరం. చల్లటి టైరులో 33 పెట్టి, మూడో రోజు, ఏడో రోజు చూసి, పక్క చక్రంతో పోల్చాలి. రెండూ కలిసి కదిలితే పని పూర్తయింది. ఒకటి మాత్రం దిగుతుంటే షాపతను అబద్ధం చెప్పాడని కాదు, రెండో లీకు ఉందని. మేకూ రిమ్మూ రెండూ ఒకే టైరులో ఉండటం అంత అరుదేం కాదు.

స్టెప్నీని చివరకు వదిలాను, అందరూ వదిలేస్తారు కాబట్టి. డిక్కీ పరుపు కింద పడుకున్న ఆ అయిదో టైరు కూడా తన సహజ వేగంతో గాలి వదులుతూనే ఉంటుంది. రెండేళ్లు చూడకపోతే 33లో 20 కూడా మిగలకపోవచ్చు. అందుకే దానికి అయిదారు పాయింట్లు ఎక్కువే పెట్టి ఉంచి, వాడే రోజు తగ్గించుకోవడం నయం. కొత్త కారు కొనేవాళ్లు మాత్రం పరుపెత్తి ఒకసారి చూసుకోవాలి. ట్యూబులెస్ టైర్లు, పీడనం తెలిపే వ్యవస్థ, రిపేరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020 జులైలో కేంద్రం నిబంధన సడలించింది. అలాంటి కారు డిక్కీలో చక్రం ఉండాల్సిన చోట ఒక సీలెంటు డబ్బా, చిన్న కంప్రెసర్ ఉంటాయి. సీలెంటు ట్రెడ్డులోని మేకు కంతను కాసేపు పూడ్చుతుంది. చిరిగిన పక్కగోడకు, వంగిన రిమ్ముకు అది పనిచేయదు.